నోరు చూడలేదు

మా కుక్క రాణికి కన్ను వాచింది. నేను కంటికి మందు వేశాను. రోగం కంట్లో లేదు, నోటి లోపల ఉంది. నోరు తెరవలేకపోతున్నానని అది తనకు చేతనైన తీరులో రోజూ చెప్పింది. నా ఇంట్లో మనిషి మాటలతోనే చెప్పింది. రెండూ నా చెవికెక్కలేదు. రాణి ఎడమ కంటి మీద ఇప్పుడు తెల్లటి మచ్చ ఉంది. అది పోయేది కాదు. ఆ మచ్చ రోగం వల్ల కొంత వచ్చింది, నా వల్ల చాలా వచ్చింది. తెలియక జరిగిందని ఇన్నాళ్లూ అడిగినవాళ్లకు చెబుతూ వచ్చాను. అది అబద్ధం. తెలియనివాడైతే తెలిసినవాళ్ల దగ్గరికి మొదటి రోజే పోయేవాడు. నాకు తెలుసనుకున్నాను, అందుకే పోలేదు.

నేను సింగరేణిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం గోదావరిఖని లెవెన్ ఇంక్లైన్ బాయిలో గడిచింది. బొగ్గుబాయి తెలియనివాళ్లకు సర్దార్ పని ఏమిటో చెప్పాలి, ఎందుకంటే నా తప్పు బరువు అక్కడే తెలుస్తుంది. షిఫ్టు మనుషులు పని జాగాకు చేరకముందే సర్దార్ అక్కడికి పోయి పైకప్పు చూడాలి. కప్పు అంటే నెత్తి మీద ఉండే రాయి. అది కంటికి ఎంత నున్నగా కనిపించినా నమ్మడానికి లేదు. చేతికర్రతో తట్టాలి, రెండో చేతి వేళ్లు రాయికి ఆనించి ఉంచాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే బోలుగా మోగుతుంది, వేళ్లకు అదురు తెలుస్తుంది. అట్లా మోగిన జాగాలోకి ఒక్క మనిషిని కూడా పోనివ్వకూడదు. ముందు ఆ వదులు రాయిని దించాలి, లేదంటే దానికి దన్నుగా ప్రాపు నిలబెట్టాలి. సేఫ్టీ ల్యాంపు వత్తి తగ్గించి, మంట మీద నీలి పొర కడుతున్నదేమో చూడాలి. కడితే అక్కడ మీథేన్ ఉన్నట్టు. కనిపించని దాన్ని వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. ముప్పై ఏళ్లకు పైగా దానికే జీతం తీసుకున్నాను. మనుషుల ప్రాణాల దగ్గర ఎన్నడూ ఏమరలేదు. ఒక కుక్క దగ్గర ఏమరిచాను.

రాణి కూడా బాయి దగ్గరి పిల్లే. ఇంక్లైన్ పైన క్యాంటీన్ వెనక పుట్టింది. నైట్ షిఫ్టు దిగి వస్తుంటే బండి వెంట పడి ఇంటిదాకా వచ్చింది. ఎర్రటి ఊరకుక్క, నిలువు చెవులు. నేను రిటైరై క్వార్టర్ ఖాళీ చేసి అడ్డగుంటపల్లిలో సొంతింటికి వచ్చినప్పుడు మాతోపాటే వచ్చింది. మధ్యాహ్నం ఓసీపీలో, అంటే ఓపెన్‌కాస్టు గనిలో, బ్లాస్టింగ్ జరిగితే కిటికీ రెక్కలు అదురుతాయి, అది మంచం కిందికి దూరుతుంది. అంతకు మించి దానికి భయాలేమీ లేవు.

దసరా అయిన కొన్నాళ్లకు ఒకరోజు పొద్దున దాని ఎడమ కంటి కింద వాపు కనిపించింది. కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. నేను చూడగానే దుమ్మన్నాను. మా బొగ్గు బెల్టులో ఈ మాట మనిషి పుట్టుకతో నేర్చుకుంటాడు. ఒకవైపు ఓపెన్‌కాస్టులు, మరోవైపు రోడ్డు మీద లారీలు, గాలి మళ్లితే బూడిద. దగ్గొస్తే దుమ్ము, ఆరేసిన బట్ట నల్లబడితే దుమ్ము, పిల్లల కళ్లు ఎర్రబడితే దుమ్ము. చాలాసార్లు అది నిజం కూడా. నిజమైన మాట అలవాటై, అది నిజం కాని రోజున కూడా నోటికి అదే వస్తుంది. చల్లటి నీళ్లతో దాని కన్ను కడిగి, పనైపోయిందనుకున్నాను.

మర్నాటికి వాపు పెరిగింది. కనుగుడ్డు ముందుకు వచ్చినట్టు, ఒక కన్ను రెండోదానికంటే పెద్దదైనట్టు కనిపించింది. ముక్కు వైపు మూల నుంచి గులాబీ రంగు పొర ఒకటి కంటి మీదికి జరిగి నిలబడింది. కుక్కలకు మూడో రెప్ప ఉంటుందని నాకప్పటికి తెలియదు. కంట్లో కండ పెరుగుతున్నదని అనుకున్నాను. ఎడమ పెదవి కొస నుంచి సన్నగా చొంగ కారుతోంది. అన్నం గిన్నె దగ్గరికి ఉరికి వస్తుంది, మూతి పెడుతుంది, ఆగిపోతుంది, తల తిప్పుకొని పోతుంది.

మా ఆవిడే దానికి రోజూ అన్నం పెట్టేది. ఆమె నా దగ్గరికి వచ్చి చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"దానికి ఆకలైతాంది. గిన్నె కాడికి ఉరుకుతాంది, వాసన సూత్తాంది, నోరు మాత్రం తెరుత్తలేదు. పొద్దుగాల ఆవులించబోయి నడుమల్నే కుయ్యిమన్నది. కంట్లె గాదు, నోట్లెనే ఏదో అయింది. ఓపాలి పశువుల దవాఖానల సూపియ్యరాదు."

"కంట్లె దుమ్ము వడితే నోరు సూసుడేంది?" అన్నాను.

ఆ జవాబు నా జీవితంలో నేనన్న మాటల్లోకెల్లా తెలివితక్కువది. ఆమె చెప్పినదాంట్లో ఊహ ఏమీ లేదు. అన్నీ కళ్లారా చూసినవే. ఆవులింత మధ్యలో ఆగి ఏడవడం, ఆకలి ఉండీ తినకపోవడం, గంజిని మూతి మూసినట్టే ఉంచి నాలుక కొసతో నాకడం, తల కుడివైపుకు వంచి తాగడం. సర్దార్‌గా నేను మేనేజర్‌కు ఇచ్చే రిపోర్టు కూడా ఇంత వివరంగా ఉండేది కాదు. చదువురాని ఆడమనిషికి ఏం తెలుసని లోపల ఎక్కడో అనుకున్నాననే సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ అనుకున్నాను.

నా శుక్లం ఆపరేషన్ తర్వాత మిగిలిన కంటి చుక్కలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. నా కంటికి మేలు చేసిన మందే కదా అని రాణి కంట్లో వేశాను. మొదటి పూట ఎరుపు కొంచెం తగ్గింది. దాంతో నా నమ్మకం రాయిలా గట్టిపడింది, పూటపూటా వేస్తూ పోయాను. ఆ చుక్కల్లో యాంటీబయాటిక్‌తోపాటు స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ ఎరుపును, వాపును అణుస్తుంది కాబట్టి పైకి నయమైనట్టే కనిపిస్తుంది. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర మీద, అంటే కార్నియా మీద, చిన్న గీత పడి ఉన్నా సరే, అదే స్టెరాయిడ్ ఆ పుండును మాననివ్వదు, సూక్ష్మజీవులకు దారి వదులుతుంది, పొర కరిగిపోవడానికి కూడా సాయపడుతుంది. ఆపరేషన్ చేసిన డాక్టర్ నా కంటిని పరీక్షించి, ఎన్నాళ్లు వేయాలో రాసి ఇచ్చిన మందు అది. దాన్ని ఏ పరీక్షా లేకుండా వేరే ప్రాణి కంట్లో వేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నొప్పితో మూలుగుతున్నదని, నా మోకాళ్లకు వేసుకునే డైక్లోఫెనాక్ గోలీని పొడి చేసి గంజిలో కలిపి తాగించాను. రాత్రికి వాంతి చేసుకుంది. తర్వాత దొడ్డికి నల్లగా వెళ్లింది. నల్లటి రంగు కడుపులో రక్తం కారిందనడానికి గుర్తని దవాఖానలో చెప్పేదాకా నాకు తట్టలేదు. మనం మామూలుగా మింగే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ గోలీలు కుక్కల కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ సంగతి మరీ పెద్దది. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోతే, 2006లో పశువులకు వాడే డైక్లోఫెనాక్ తయారీని కేంద్రం ఆపించింది. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయని పేపర్లో చదివి సంతోషపడినవాణ్ని నేను. ఆ పక్షులను చంపిన మందు పేరు కూడా ఆ వార్తలోనే చదివి ఉంటాను. అదే గోలీ నా చేత్తో విరిచి గంజిలో కలిపేటప్పుడు ఆ పేరు కళ్లకు ఆనలేదు.

ఇక కరిచిన సంగతి.

తిండి లేక అది డస్సిపోతుంటే, పచ్చి కోడిగుడ్డు పట్టిద్దామని దాని రెండు దవడలు పట్టుకొని బలవంతంగా తెరిచాను. అది అరిచిన అరుపు వీధి చివరిదాకా వినపడింది. నా చేతి మీద పళ్లు దిగాయి. కోపంలో చేతిలో ఉన్న గిన్నెతో దాని వీపు మీద కొట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే అన్నిటికంటే ఎక్కువ కోసేది ఇదే. నోరు తెరిచాను. నా ముఖానికి జానెడు దూరంలో ఆ నోరు తెరుచుకుంది. లోపలికి చూడలేదు. గుడ్డు పోయడం మీదే ఉంది నా ధ్యాస.

కరిచిందన్న మాట బయటికి పొక్కేసరికి ఇరుగుపొరుగు వచ్చారు. చొంగ కారుతోంది, అన్నం ముట్టడం లేదు, యజమానినే కరిచింది, ఇంకేముంది పిచ్చి లేచింది అన్నారు. వాళ్లను తప్పుపట్టను. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి గానీ కుక్క గానీ బతికి బయటపడటం దాదాపు లేదు, చిన్న పిల్లలున్న వీధిలో ఆ భయం ఉండాల్సిందే. ఆ ఏడాది రాణికి రేబిస్ టీకా వేయించలేదు. అది పూర్తిగా నా నిర్లక్ష్యం. కుక్కలకు వేసే రక్షారాబ్, మనుషులకు వేసే అభయ్‌రాబ్ రెండూ మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేసేవే. మన రాష్ట్రంలోనే పుట్టే టీకాను మన ఇంటి కుక్కకు ఏడాదికోసారి వేయించలేకపోయాను. వేయించి ఉంటే ఆ రోజు అందరికీ నిబ్బరంగా జవాబు చెప్పగలిగేవాణ్ని.

కరిచిన చోట నేను పసుపు అద్దుకున్నాను. అదీ తప్పే. పావుగంట సేపు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడగాలి, పసుపూ సున్నమూ కారమూ ఏదీ పెట్టకూడదు. దవాఖానలో నాకు టీకా మొదలుపెట్టారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కుక్కకేమవుతుందో చూసి మొదలుపెడదామని ఆగకూడదు. ఆ ఒక్క పని మాత్రం ఆలస్యం లేకుండా చేశాను. నా ప్రాణం కాబట్టి చేశాను.

రాణిని మాత్రం ఇంటి వెనక స్నానాల గది పక్కన గొలుసుతో కట్టేశాను. రేబిస్ ఉన్న కుక్క కరిచిన తర్వాత పది రోజులకు మించి బతకదని, అందుకే కరిచిన కుక్కను పది రోజులు గమనించాలని చెబుతారు. గమనించడమంటే వదిలేయడమని నేను అర్థం చేసుకున్నాను. దూరం నుంచి గంజి గిన్నె తోసేవాళ్లం. ఆ రోజుల్లోనే దాని కన్ను పాడైంది. గుడ్డు ముందుకు పొడుచుకొచ్చినందువల్ల రెప్పలు కలవడం లేదు, నిద్రలో కూడా ఆ కన్ను తెరుచుకొనే ఉంది. తడి ఆరిపోతే కార్నియా పుండు పడుతుంది. అంతకుముందే నేను వేసిన స్టెరాయిడ్ అక్కడ తన పని తాను చేసి పెట్టింది.

చివరికి నన్ను అడగకుండా మా ఆవిడే ఆటో మాట్లాడింది. కొడుకును తోడు తీసుకొని, పాత దుప్పటిలో చుట్టి, దాన్ని పశువుల దవాఖానకు తీసుకుపోయింది. నేను వెనకాల బండి మీద పోయాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కరిచిందని చెప్పగానే చేతులకు మందపాటి తొడుగులు వేసుకుంది. కంటిని ముట్టుకోకముందే ఆమె అడిగిన మొదటి ప్రశ్న నన్ను నిలువునా కోసింది.

"అమ్మా, నోరు తెరిచేటప్పుడు గాని ఆవులించేటప్పుడు గాని ఏడుస్తున్నదా?"

మా ఆవిడ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

డాక్టరమ్మ రాణి వెనక నిలబడి పైనుంచి నెత్తి మీదుగా రెండు కళ్లనూ పోల్చి చూసింది. అట్లా చూస్తే ఎడమ గుడ్డు ముందుకు జరిగిన సంగతి నాకు కూడా స్పష్టంగా తెలిసింది. కన్నే ఉబ్బి పెద్దదైతే అది కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు, కన్ను మామూలు సైజులోనే ఉండి ముందుకు నెట్టుకొస్తే వెనక నుంచి ఏదో తోస్తున్నట్టు అని చెప్పింది. రెప్పలు మూసి వేలితో రెండు గుడ్లనూ మెల్లగా నొక్కింది. కుడిది కొంచెం లోపలికి పోయింది, ఎడమది కదల్లేదు. జ్వరం చూసింది. రేబిస్ గురించి చాలా అడిగింది. మనుషులను గుర్తుపడుతున్నదా, నీళ్లు తాగుతున్నదా, దవడ వేలాడిపోయిందా, నడక తూలుతున్నదా అని. అన్నిటికీ మా ఆవిడే జవాబు చెప్పింది. వాపు ఒకవైపే ఉంది, దవడ పట్టు తప్పలేదు, నోరు తెరిస్తేనే నొప్పి. ఇది కంటి వెనక, కంటి అడుగున ఉన్న వ్యవహారమనీ, మత్తిచ్చి నోరు తెరవాలనీ, స్కానింగ్ కావాలనీ చెప్పి కోరుట్ల పశువైద్య కళాశాలకు పంపింది. పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచే కాలేజీ అది. జగిత్యాల మీదుగా పోయాం. దారి పొడుగునా రాణి తల మా ఆవిడ ఒళ్లో ఉంది.

అక్కడ ఒక డాక్టర్ సారు పిల్లలకు పాఠం చెప్పే కుక్క పుర్రెను బల్ల మీద పెట్టి నాకు చూపించాడు. ఆ పది నిమిషాలు నేను మరిచిపోలేను. మనిషి కంటి గుంతకు చుట్టూ ఎముక ఉంటుంది, అడుగున కూడా ఎముక పలకే. కుక్క పుర్రెలో అట్లా లేదు. కంటి చుట్టూ ఉండే ఎముక వలయం బయటివైపు పూర్తిగా కలవదు, బతికున్న కుక్కలో ఆ ఖాళీని ఒక లిగమెంటు మూస్తుంది. అడుగున అయితే నేలే లేదు. సారు తన వేలిని పై దంతాల వెనక నుంచి పైకి పోనిస్తే అది నేరుగా కంటి గుంతలో తేలింది. బతికున్న కుక్కలో ఆ జాగాలో కండ, కొవ్వు, వాటి నడుమ చెంప ఎముక కమాను కింద ఒక లాలాజల గ్రంథి ఉంటాయి. మనిషికి ముఖ్యమైన లాలాజల గ్రంథులు మూడు జతలు. కుక్కకు నాలుగు. చెవి కింద ఒకటి, దవడ కింద ఒకటి, నాలుక కింద ఒకటి, ఇది నాలుగోది, జైగోమాటిక్ గ్రంథి. మనకు లేనిది. కనుగుడ్డుకు సరిగ్గా కింద కూర్చుంటుంది. దాని గొట్టం పై వరుసలోని చివరి దవడ పన్ను దగ్గర నోట్లోకి తెరుచుకుంటుంది. నోట్లో ఎముక ముక్కో కట్టెపుల్లో గుచ్చుకున్నా, నోటి సూక్ష్మజీవులు ఆ గొట్టం వెంట పైకి పాకినా, గ్రంథి వాస్తుంది, చీము పడుతుంది. అది వాస్తే పక్కకు పోవడానికి జాగా లేదు. కన్నును ముందుకు, పైకి నెడుతుంది.

తర్వాత సారు కింది దవడను పుర్రెకు అమర్చి, నోరు తెరిచినట్టు కదిపాడు. దవడ వెనక భాగంలో పైకి లేచిన ఎముక పలక ఒకటుంది. నోరు తెరిచిన ప్రతిసారీ ఆ పలక ముందుకు జరిగి కంటి గుంత వెనక భాగాన్ని తోస్తుంది. అక్కడ వాచిన గ్రంథి ఉంటే ఆ ఎముక సరాసరి దాని మీదే నొక్కుతుంది. ఆవులింత మధ్యలో రాణి ఎందుకు ఏడ్చిందో, గిన్నె దగ్గర ఎందుకు ఆగిపోయిందో, నేను దవడలు పట్టి చీల్చినప్పుడు ఎందుకు కరిచిందో ఆ పుర్రె చెప్పింది. నేను దాని నోరు తెరవలేదు, దాని ఎముకతోనే దాని పుండును నొక్కాను. ఆ నొప్పికి అది కరిస్తే కొట్టాను.

స్కానింగులో కంటి అడుగున ద్రవం నిండిన జాగా కనిపించింది. మత్తిచ్చాక నోరు తెరిచి చూపించారు. ఎడమవైపు పై వరుస చివరి పన్ను వెనక చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. టార్చిలైటు పట్టుకొని చూస్తే ఎవరికైనా కనిపించేదే. అక్కడ చిన్న గాటు పెట్టి, మొన లేని పరికరంతో మెల్లగా దారి చేశారు. తొందరపడి లోతుకు పోతే కంటి నరాలకే దెబ్బ తగలొచ్చట. చీము వచ్చింది, దాంతో కలిసి తీగలు తీగలుగా సాగే చిక్కటి లాలాజలం వచ్చింది. నమూనాను పరీక్షకు పంపారు. ఎముక ముక్క ఏదీ దొరకలేదు. అయినా దసరా నాడు కొడుక్కి సింగరేణి లాభాల వాటా వచ్చిందన్న సంబరంలో, ఇంట్లో వండిన మటన్ ఎముకలు దాని గిన్నెలో కుమ్మరించింది నేనే. ఉడికిన ఎముక కొరికితే సూదుల్లా చీలుతుంది. అందువల్లే వచ్చిందని సారు అనలేదు. కాదనీ అనలేదు.

కంటికి రంగు కాగితం ఆనించి నీలి లైటు వేస్తే కార్నియా మీద పుండు ఉన్నంత మేర ఆకుపచ్చగా వెలిగింది. ఇంట్లో ఏం చుక్కలు వేశారని సారు అడిగాడు. నేను జేబులోంచి సీసా తీసి ఇచ్చాను. ఆయన పేరు చదివి సీసాను బల్ల మీద పెట్టాడు, ఇది ఇక వద్దు అన్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ని. డైక్లోఫెనాక్ సంగతి కూడా చెప్పాను. ఆ గోలీ వల్ల నొప్పికి ఇవ్వాల్సిన సరైన మందు వెంటనే ఇవ్వడానికి వీలుకాలేదు, ముందు కడుపును కాపాడే మందు పెట్టి ఆగాల్సి వచ్చింది. నేను చేసిన వైద్యం రాణికి రావలసిన వైద్యాన్ని కూడా వెనక్కి నెట్టింది.

తర్వాతదంతా సజావుగా జరిగింది. వారాల తరబడి యాంటీబయాటిక్ గోలీలు, కన్ను తడి ఆరకుండా రోజుకు పలుమార్లు జిగురు మందు, పుండుకు వేరే చుక్కలు, గోక్కోకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు, మెత్తగా పిసికిన పెరుగన్నం. గుడ్డు తన జాగాలోకి పోయింది, మూడో రెప్ప వెనక్కి తగ్గింది. నోరు బార్లా తెరిచి ఆవులించిన రోజు మా ఆవిడ నన్ను కేకేసి పిలిచి చూపించింది. కంట్లో మచ్చ మిగిలింది. ఎడమవైపు నుంచి ఎవరైనా దగ్గరికి వస్తే రాణి ఉలిక్కిపడుతుంది. నేను కుడివైపు నుంచి, ముందు పేరు పెట్టి పిలిచి, దాని దగ్గరికి పోతాను.

తొందరగా పోయి ఉంటే కన్ను నిండుగా దక్కేదా అని ఆఖరుసారి చూపించుకోవడానికి పోయినప్పుడు అడిగాను. ఈ జబ్బుకు తొలి రోజుల్లో వైద్యం అందితే చాలా కుక్కలు ఏ లోపమూ లేకుండా కోలుకుంటాయని చెప్పారు. ఆ మాట విన్నప్పుడు పక్కనే ఉన్న మా ఆవిడతో, నువ్వు చెప్పినరోజే పోతే అయిపోయేది అన్నాను. "అయింది గదా, ఇగ పోదాం పా" అన్నది. అంతకు మించి ఆమె ఈ విషయంలో నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. బాయిలో నా కింద బొగ్గు టబ్బులు తోసే కుర్ర ట్రామర్ వచ్చి ఫలానా చోట కప్పు చప్పుడు తేడాగా ఉంది సర్దార్ అంటే నేను పరుగెత్తేవాణ్ని. వాడి చదువు అడిగేవాణ్ని కాదు, వయసు చూసేవాణ్ని కాదు. ఆ మర్యాద ఇంట్లో మనిషికి ఇవ్వలేకపోయాను.

మొన్నామధ్య మా వీధి చివర ఉండే కుర్రవాడు వచ్చాడు. ఓసీపీలో కాంట్రాక్టు డంపర్ నడుపుతాడు.

"కాకా, మా కుక్కకు కంటి కింద వాసింది. మీ రాణికి ఏసిన సుక్కలేమన్న ఉన్నయా?"

"లేవు బిడ్డా. దాని నోరు సూసినవా?"

చూడలేదన్నాడు. ఆ కుక్కకు టీకాలు వేయించాడా అని మొదట అడిగాను, కార్డు తెచ్చి చూపించాడు. మా ఆవిడను కూడా రమ్మన్నాను, చూడటంలో ఆమె నాకంటే నయం. ఆ కుక్క నొప్పి లేకుండానే నోరు తెరుస్తోంది, రొట్టె ముక్క వేస్తే కుడి దవడతోనే నములుతోంది. గుడ్డు ముందుకు రాలేదు, వాపు మాత్రం కంటి కింద చెంప మీద గట్టిగా ఉంది. మా ఆవిడ పెదవి కొస మెల్లగా పైకి లేపింది. పై వరుసలో అన్నిటికంటే పెద్ద పన్ను నడిమికి చిట్లి ఉంది. రాళ్లు కొరుకుతది కాకా అన్నాడు వాడు. ఆ సాయంత్రమే దవాఖానకు తీసుకుపోయాం. దీనిది గ్రంథి కాదు, పన్నే. ఆ పన్ను వేళ్లు కంటి కింది దాకా పోతాయట, చీము అక్కడ తేలింది. కందిరీగ కుట్టినా ముఖం వాస్తుందనీ, అదైతే గంటల్లోనే పొంగుతుందనీ, ముసలి కుక్కల్లో నొప్పి లేకుండా మెల్లగా పెరిగితే కణితి కావచ్చనీ, గ్రంథి గొట్టం చిట్లి లాలాజలం ఊరిన తిత్తి కూడా నొప్పి లేకుండానే ఉండొచ్చనీ డాక్టరమ్మ వాడికి ఓపిగ్గా వివరించింది. మత్తిచ్చి పన్ను తీసేసింది. రెండు రోజులాగి వాడు డ్యూటీకి పోతూ బండి ఆపి, వాపు దిగిందనీ, అన్నం మొత్తం తిన్నదనీ మా ఆవిడకు చెప్పిపోయాడు.